నాన్న కిడ్నీలకు మూడు చోట్ల స్కానింగు: ఎవరు ఎలా చూశారంటే

గత ఏడాది మే నుంచి ఆగస్టు లోపు మా నాన్న కిడ్నీలకు మూడు చోట్ల స్కానింగు తీయించాం. ఒకటి మాకు దగ్గర టౌన్లో, రెండు విశాఖలో. సెంటర్ల పేర్లు రాయడం లేదు. మొదటి దాని మీద నాకు కోపం, మూడో దాని మీద సగం కోపం. పేర్లు పెడితే గొడవ అవుతుంది తప్ప చదివేవాళ్ళకి ఒరిగేదేమీ లేదు. మీరు వెళ్ళే సెంటర్ ఎలాగూ వేరే ఉంటుంది. అక్కడ ఏం అడగాలో, ఏం చూసుకోవాలో నాకు తెలిసినంత రాస్తాను.

నేను డాక్టర్ని కాదు. పలాసలో ఒక జీడిపప్పు బట్టీలో లెక్కలు రాస్తాను. రోజంతా అంకెలతో పని కాబట్టి, రిపోర్టులో అంకె ఉండాల్సిన చోట లేకపోతే నా కంటికి బేగి కనిపిస్తుంది. ఈ రివ్యూలో నా అర్హత అంతవరకే.

మాది కవిటి మండలం. ఆ మాట చెప్పగానే అవతలి మనిషి మొహం మారుతుంది. "ఉద్దానమా?" అంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కొబ్బరి తోటల్లోనూ జీడి తోటల్లోనూ ఒళ్ళొంచి పనిచేసే మనుషుల్లో చాలామందికి, షుగర్ లేకపోయినా బీపీ లేకపోయినా, కిడ్నీలు నెమ్మదిగా ఎండిపోతాయి. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్ళంటారు, ఎండంటారు, మందులంటారు. మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయాడు. అందుకని మా ఇంట్లో ఎవరికైనా కాళ్ళు వాచాయంటే ఇక మాట్లాడుకోవడానికేమీ ఉండదు, అందరి మనసులోకీ వచ్చేది ఒకటే.

మే నెలలో నాన్నకి మూడు రోజులు వాంతులు, విరేచనాలు. బయట ఎండ మండిపోతోంది. ఆయన వయసు 63. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించుకునే అలవాటు ఉంది, ఆ వారంలో రెండు వేయించుకున్నాడట. బీపీ మాత్ర కూడా మానకుండా వేసుకున్నాడు, క్రమశిక్షణ గల మనిషి కదా. ఒంట్లో నీళ్ళు లేవు, పైన నొప్పి ఇంజెక్షన్, ఆపైన బీపీ మాత్ర. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి ఏమవుతుందో తర్వాత డాక్టర్ గారు చెబితే తెలిసింది. నాలుగో రోజుకి ఒంటికి సరిగ్గా పోవడం లేదు. ల్యాబులో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 7.1 వచ్చింది.

మొదటి చోటు

ల్యాబు పక్కనే స్కానింగు సెంటర్. లోపల చల్లగా ఏసీ, గోడమీద లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అన్న బోర్డు, బయట పదిహేను మంది గర్భిణులు, వాళ్ళ అత్తలు. నాన్నని పడుకోబెట్టి జెల్ రాసి, ఇటు రెండుసార్లు అటు రెండుసార్లు మెషీను తిప్పారు. నేను గడియారం చూడలేదు గాని నాలుగు నిమిషాలు దాటి ఉండదు. జెల్ తుడుచుకోవడానికి కాగితం కూడా ఇవ్వలేదు, మా అమ్మ చీర కొంగుతో తుడిచింది. 900 తీసుకున్నారు.

రిపోర్టులో లివర్ గురించి రెండు లైన్లు, పిత్తాశయం గురించి ఒకటి. కిడ్నీల గురించి ఇంత: రెండు కిడ్నీల్లో తెల్లదనం పెరిగింది, గ్రేడ్ 2 మెడికల్ రీనల్ డిసీజ్ (అంటే కిడ్నీ జబ్బు), డాక్టర్ని సంప్రదించండి. అంతే.

మా బట్టీలో గ్రేడు అంటే ఒక లెక్క ఉంది. డబ్ల్యూ 320 అన్నామంటే పౌను తూకానికి 300 నుంచి 320 గింజలు. తూకం వేసి లెక్కపెట్టి చూపించొచ్చు, తేడా వస్తే పార్టీ సరుకు వెనక్కి కొట్టేస్తాడు. ఇక్కడి గ్రేడు కంటి చూపు మీద చెప్పేది. స్క్రీను మీద కిడ్నీ పై పొర పక్కనున్న లివర్ కంటే ఎంత తెల్లగా కనబడుతోంది, లోపలి పొరకీ పై పొరకీ మధ్య గీత తెలుస్తోందా లేదా, దాన్నిబట్టి 1, 2, 3 అంటారు. మెషీనులో వెలుగు పెంచితే తగ్గిస్తే ఆ చూపే కొంత మారుతుంది.

నిజానికి ఆ రిపోర్టు అబద్ధం కాదు. తెల్లదనం ఉంది. కాకపోతే పాతబడి ఎండిపోయిన కిడ్నీ ఎలా తెల్లగా కనబడుతుందో, నిన్నగాక మొన్న దెబ్బ తిని ఉబ్బిన కిడ్నీ కూడా అలా కనబడొచ్చు. రెంటికీ తేడా చెప్పే మొదటి అంకె సైజు. అదే రాయలేదు. పెద్దవాళ్ళ కిడ్నీ మామూలుగా 9 నుంచి 12 సెంటీమీటర్ల పొడుగు ఉంటుంది. ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీ ముడుచుకుపోయి 8, 7 అలా దిగిపోతుంది. మెషీను మీద ఈ కొసన ఒక చుక్క, ఆ కొసన ఒక చుక్క పెడితే పొడుగు దానంతట అదే వస్తుంది. అర నిమిషం పని.

ఆ అర నిమిషం పని చేయకపోవడం వల్ల మా ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. "గ్రేడ్ 2" అన్న మాట పట్టుకుని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. చుట్టాలొచ్చేశారు. తమ్ముడు డయాలసిస్ పేషెంట్ల పింఛనుకి ఏ కాగితాలు కావాలో ఫోనులో కనుక్కుంటున్నాడు. వాణ్ణి తప్పుపట్టను, మా వైపు అది మామూలే. నాన్న మంచం మీద పడుకుని కొబ్బరి తోట ఎవరికి కౌలుకివ్వాలో చెబుతున్నాడు. కిడ్నీ మాట ఎత్తలేదు.

ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా రిపోర్టు పది నిమిషాల్లో చేతికిచ్చినందుకు.

రెండో చోటు

పలాసలోనే 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు కదా, విశాఖ దాకా ఎందుకెళ్ళావని అడుగుతారేమో. మా అక్కా బావా మర్రిపాలెంలో ఉంటారు. బావ ఆ రాత్రే ఫోన్ చేసి, తనకి తెలిసిన కిడ్నీ డాక్టర్ ఉన్నారు, బయల్దేరి వచ్చేయమన్నాడు. మనిషికి టెన్షన్లో ఎవరు గట్టిగా చెబితే వాళ్ళ మాట నెగ్గుతుంది. తెల్లారకుండా కారు మాట్లాడుకుని వెళ్ళిపోయాం.

ఆసుపత్రిలో చేర్చుకున్న రోజే స్కానింగుకి పంపారు. డాక్టర్ గారు మొదటి రిపోర్టు చూసి ఏమీ అనలేదు, పక్కన పెట్టారు. చీటీ మీద ఆయన రాసింది నేను ఫోటో తీసి ఉంచుకున్నాను: కిడ్నీల సైజు, పై పొర మందం, వాపు ఉందా, ఒంటికి పోసుకున్నాక మూత్రాశయంలో ఎంత మిగులుతోంది, రక్తనాళాల డాప్లర్ (రక్తం ఎంత జోరుగా పారుతోందో చూసే స్కానింగు), రెండు వైపులా ఆర్ఐ (డాప్లర్‌లో వచ్చే ఒక అంకె, కింద చెబుతాను). అడిగేవాడు ఇలా విడమరిచి అడిగితే చూసేవాళ్ళకి దాటేసే వీలుండదు. ఈ పాఠం నాకు సరుకు ఆర్డర్లలో ఎప్పుడో తెలుసు, స్కానింగుకి కూడా వర్తిస్తుందని అనుకోలేదు.

అక్కడ చూసినావిడ రేడియాలజీ డాక్టరమ్మ. ముప్పై, ముప్పై ఐదేళ్ళు ఉంటాయి. నన్ను లోపలికి రానిచ్చారు, నాన్నకి అప్పటికి ఆయాసం ఉంది, ఒకళ్ళు పట్టుకోవాలి. "బాబాయ్ గారూ, కాస్త ఆ పక్కకి తిరుగుతారా, తొందరేం లేదు" అన్నారు. ఆ తొందరేం లేదు అన్న మాటకే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది.

కుడి కిడ్నీ 10.4. ఎడమ 10.6. అంకె చదువుతున్నప్పుడే ఆవిడ నావైపు తిరిగి "సైజు బాగానే ఉందండీ" అన్నారు. వాపు లేదు, అంటే కింద రాయో గడ్డో అడ్డుపడి మూత్రం వెనక్కి తన్నడం లేదు. మూత్రాశయం దాదాపు ఖాళీ. కిడ్నీ మూత్రం తయారు చేయకే ఆగింది. తెల్లదనం ఉంది, అదీ చెప్పారు, గ్రేడు అనలేదు.

"ఇంతకుముందు ఎప్పుడైనా కడుపు స్కానింగు తీయించారా?" అని అడిగారు. రెండేళ్ళ కిందట కడుపునొప్పి అని ఒకసారి తీయించాం, రిపోర్టు ఎక్కడుందో గుర్తులేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే పొలం పాసు పుస్తకాలున్న ట్రంకు పెట్టె అంతా తిరగేసి, అరగంటలో వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. కుడి 10.3, ఎడమ 10.5, తెల్లదనం మామూలుగా ఉంది. అదే కవరులో అప్పటి రక్త పరీక్ష కూడా ఉంది, క్రియాటినిన్ 1.1. రెండేళ్ళ కిందటి ఆ మడతలు పడ్డ కాగితం చేసినంత మేలు ఆ వారంలో ఏ మెషీనూ చేయలేదని నేననుకుంటాను. ఇది పాతది కాదు, ఇప్పుడు తగిలిన దెబ్బ అని డాక్టర్ గారు ధైర్యంగా అన్నది దాన్ని చూశాకే. సైజు బాగున్నంత మాత్రాన అన్నీ కొత్తవే అనుకోకూడదట, షుగర్ ముదిరినవాళ్ళకి కిడ్నీ పాడైనా సైజు తగ్గకపోవచ్చట. నాన్నకి షుగర్ లేదు.

ఇక డాప్లర్. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. కిడ్నీ లోపలి సన్న రక్తనాళం మీద ఆవిడ ఒక చిన్న గీత పెట్టగానే గుండె చప్పుడులాంటి శబ్దం, దాంతోపాటు స్క్రీను కింద కొండల వరుస. గుండె కొట్టినప్పుడు రక్తం జోరుగా వస్తుంది, అది కొండ కొన. రెండు కొట్టుళ్ళ మధ్య జోరు తగ్గుతుంది, అది లోయ. మంచి కిడ్నీలో లోయలో కూడా రక్తం బాగానే పారుతూ ఉంటుంది. దెబ్బతిని లోపల బిగుసుకున్న కిడ్నీలో కొన ఉంటుంది గాని లోయ నేలకి దిగిపోతుంది. కొనలోంచి లోయని తీసేసి, మిగిలినదాన్ని కొనతో భాగిస్తే వచ్చేదే ఆర్ఐ, రెసిస్టివ్ ఇండెక్స్. స్క్రీను మీద ఒకచోట కొన 40, లోయ 9 కనబడ్డాయి. మెషీను లెక్కకట్టేలోపే నేను మనసులో వేశాను: 31 బై 40, అంటే 0.78. మెషీనుకీ అంతే వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అంత బాధలోనూ ఒక్క క్షణం నాకు సంతోషమేసింది.

మామూలుగా 0.6 చుట్టుపక్కల ఉంటుందట, 0.7 దాటితే ఎక్కువ అంటారట. ఆవిడ ఒక్కో కిడ్నీలో పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల కొలిచి సగటు రాశారు. నాన్న ఊపిరి బిగపట్టలేకపోయేవాడు, కొండల వరుస చెరిగిపోయేది. "పర్లేదు, మళ్ళీ చూద్దాం" అని ఆగేవారు. నలభై నిమిషాలు పట్టింది. బయట క్యూలో ఎవరో గొణుగుతున్నారు. మధ్యలో నాన్న "ఏట్రా, ఇంకా ఎంతసేపు? నాకేటీ అవ్వలేదు, బేగి ఇంటికెళ్ళిపోదాం" అన్నాడు. ఆవిడ నవ్వి "ఇంటికి పంపడానికే బాబాయ్ గారూ" అన్నారు.

కుడి 0.78, ఎడమ 0.77. నేను హడలిపోయాను. కిడ్నీ డాక్టర్ గారు ఆ అంకె చూసి కంగారు పడలేదు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: ఆర్ఐ ఎక్కువుంటే కోలుకోవడం ఆలస్యం కావచ్చని కొన్ని పరిశోధనల్లో వచ్చింది, మరికొన్నిట్లో దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని వచ్చింది. వయసు పెరిగి రక్తనాళాలు గట్టిపడ్డవాళ్ళకీ, బీపీ ఉన్నవాళ్ళకీ కిడ్నీ బాగున్నా అది 0.7 దాటొచ్చు. కాబట్టి ఇవాళ్టి అంకె కంటే, పది రోజులకి అదే చేత్తో అదే మెషీను మీద కొలిచినప్పుడు ఎటు కదిలిందన్నదే తనకి కావాలి అన్నారు. "తగ్గుతుందా సార్?" అని బావ అడిగితే, "90 రోజుల దాకా నేను తీర్పు చెప్పను" అన్నారు. వారం లోపు తేరుకుంటే ఒక రకం, మూడు నెలల్లో తేరుకుంటే ఒక రకం, మూడు నెలలు దాటినా తేరుకోకపోతే అప్పుడు దాన్ని దీర్ఘకాలం జబ్బు కింద లెక్కేస్తారట.

మా బావకి ఓపిక తక్కువ. "ఎంత ఖర్చయినా పర్లేదు, ఎమ్మారై తీయించండి, అందులో అన్నీ తెలిసిపోతాయి కదా" అన్నాడు. మనవాళ్ళలో చాలామందికి ఈ నమ్మకం ఉంది, ఖరీదు ఎక్కువైతే ఎక్కువ తెలుస్తుందని. సీటీలో ఎక్కించే రంగు మందు దెబ్బతిన్న కిడ్నీకి మళ్ళీ బరువు కావచ్చని, ఎమ్మారైలో ఎక్కించే గాడోలినియం మందు కూడా కిడ్నీ ఈ స్థితిలో ఉన్నప్పుడు ఆలోచించి వాడాల్సిందేనని డాక్టర్ గారు చెప్పారు. ఏ మందూ ఎక్కించకుండా కిడ్నీలో ఆక్సిజన్ ఎంతుందో, లోపల మచ్చ ఎంత పడిందో చూసే ఎమ్మారై పద్ధతులు కూడా వచ్చాయట, అవి ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయట. బోల్డ్ అని ఒక పేరు చెప్పారు. బావ ఇంటికెళ్ళి ఆ పేరు వెతికి, రాత్రంతా నాకు లింకులు పంపాడు.

మెడలో గొట్టం వేసి మూడుసార్లు డయాలసిస్ చేశారు. ఎనిమిది రోజులు మేమందరం మూత్రం పట్టే ఒక ప్లాస్టిక్ సంచీ వైపు చూస్తూ కూర్చున్నాం. నర్సమ్మ గంటగంటకీ మిల్లీలీటర్లలో రాసేది: 10, 15, 10. తొమ్మిదో రోజు తెల్లవారుజామున 60. అమ్మ వచ్చి నన్ను లేపి సంచీ చూపించింది. మర్నాటికి రోజు మొత్తం మీద లీటరున్నర, ఆ తర్వాత మూడు లీటర్లు. అంత పోవడం కూడా ప్రమాదమేనని సెలైన్లు ఎక్కించారు.

పధ్నాలుగో రోజు మళ్ళీ అదే డాక్టరమ్మ దగ్గర డాప్లర్. ఈసారి కొన 38, లోయ 12. 0.68. ఆవిడ పాత రిపోర్టు తీసి పక్కన పెట్టుకుని, కొత్తదాంట్లో "గత పరీక్షతో పోలిస్తే" అని ఒక లైను రాశారు. ఆ లైను రాసేవాళ్ళు మీకు ఎక్కడైనా దొరికితే ఆ సెంటర్ని వదలకండి. కిడ్నీ తేరుకుంటోందని మాకు చెప్పింది మూత్రం సంచీయే, డాప్లర్ కాదు. ఆ మాట డాక్టర్ గారే అన్నారు. డాప్లర్ దానికి సాక్ష్యం పలికింది.

మొదటిసారి 2,200, రెండోసారి 2,200. రెండోసారికి తగ్గిస్తారేమో అడిగాను, తగ్గించలేదు. లిఫ్టు పనిచేయదు, స్కానింగు రెండో అంతస్తులో. ఆయాసం ఉన్న మనిషిని వీల్ చైర్లో ఎత్తుకుని తీసుకెళ్ళాం, వార్డు బాయ్‌కి రెండొందలు. దానికి ఒక మార్కు తీసేస్తున్నాను. ఐదుకి నాలుగు.

మూడో చోటు

ఆగస్టుకి క్రియాటినిన్ 1.4 కి వచ్చింది. నాకు అది చాలనిపించింది. డాక్టర్ గారికి చాలలేదు. క్రియాటినిన్ కండలోంచి వచ్చేది. నాన్న ఆ మూడు నెలల్లో బాగా చిక్కిపోయాడు, తొడల్లో కండ లేదు. కండే తక్కువైతే క్రియాటినిన్ కూడా తక్కువే చూపిస్తుంది, కిడ్నీ బాగుపడినంత అందంగా. అందుకని డీటీపీఏ స్కాన్ రాశారు. కిడ్నీలు రెండూ ఒక్కొక్కటి ఎంత పని చేస్తున్నాయో విడివిడిగా చెప్పే పరీక్ష.

ఇది న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళు చేస్తారు. టెక్నీషియం అనే రేడియో మందుని (కాస్త రేడియేషన్ ఇచ్చేది) డీటీపీఏ అనే రసాయనానికి తగిలించి చేతి నరంలోకి ఎక్కిస్తారు. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి పంపుతాయి. అలా పంపడాన్ని గామా కెమెరా కూర్చుని లెక్కపెడుతుంది. రేడియో మందు అనగానే అమ్మ బెదిరిపోయింది. 6 గంటలకి దాని బలం సగమవుతుంది, చాలావరకు మూత్రంలో పోతుంది, ఆ రోజుకి చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండా ఉంటే చాలు, బాత్రూంలో నీళ్ళు బాగా పోయమన్నారు. అక్క కూతురు నాలుగేళ్ళది, తాతయ్య అంటే ప్రాణం. దాన్ని ఆ సాయంత్రం పక్కింట్లో దాచాల్సి వచ్చింది.

పొద్దున్న 9 కి రమ్మన్నారు. 12 దాటాక లోపలికి పిలిచారు. మందు తయారు కాలేదని ఒకసారి, కెమెరా వేడెక్కుతోందని ఒకసారి. పరీక్షకి ముందు అర లీటరు నీళ్ళు తాగమని చెప్పి తాగించేశారు. తాగిన మనిషిని మూడు గంటలు కూర్చోబెట్టారు. బాత్రూం ఆ అంతస్తులో ఒకటే, దానికి తాళం, తాళం చెవి రిసెప్షన్ అమ్మాయి దగ్గర, ఆ అమ్మాయి టిఫిన్‌కి వెళ్ళింది. 63 ఏళ్ళ మనిషి మొహంలో ఆ అవస్థ చూసి నేను గొంతు పెంచాను. మామూలుగా పెంచను.

ఇంకోటి. లోపల టెక్నీషియన్ కుర్రాడు కంప్యూటర్లో వివరాలు ఎక్కిస్తున్నాడు. ఎత్తు 160, బరువు 66 అని కొడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. "66 ఎక్కడిది బాబూ?" అన్నాను. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలోంచి చూసి కొడుతున్నాడట. అది చేరిన రోజు బరువు, ఇంకా చిక్కిపోకముందుది. ఇప్పుడాయన 55 ఉంటే గొప్ప. "తూకం వేయండి" అన్నాను. "పెద్ద తేడా రాదు సార్" అన్నాడు. తూకం దగ్గర పెద్ద తేడా రాదు అన్న మాట బట్టీలో నేను వెయ్యిసార్లు విన్నాను, ప్రతిసారీ తేడా వచ్చింది. మూల నుంచి మెషీను లాక్కొచ్చి తూస్తే 55న్నర.

అప్పుడే అక్కడికొచ్చిన పెద్ద డాక్టర్ గారు కుర్రాణ్ణి కేకలేసి, ఎందుకో నాకు చెప్పారు. కిడ్నీ వీపులో ఎంత లోతున ఉందో ఎత్తూ బరువుల్నిబట్టి కంప్యూటర్ అంచనా వేస్తుంది. లోతు ఎక్కువనుకుంటే, మధ్యలో మాంసం ఆపేసిన రేడియేషన్‌కి పరిహారంగా అంకె పెంచుతుంది. అంటే 66 కొట్టి ఉంటే నాన్నకి ఉన్నదానికంటే ఎక్కువ కిడ్నీ పని ఉన్నట్టు రిపోర్టు వచ్చేది. మేం స్వీట్లు పంచుకుని ఇంటికెళ్ళేవాళ్ళం.

అసలు పరీక్ష మాత్రం చక్కగా చేశారు, ఆ మాట దాచను. సిరంజిని ఎక్కించకముందు ఒకసారి కెమెరా ముందు పెట్టి లెక్కించారు, ఎక్కించాక ఖాళీ సిరంజిని మళ్ళీ లెక్కించారు, సిరంజిలో మిగిలింది తీసేయడానికి. మా దగ్గర గోనెసంచీ బరువు తీసేసినట్టు. నాన్న వెల్లకిలా పడుకున్నాడు, కెమెరా వీపు కింద. కదలొద్దన్నారు. దాదాపు అరగంట.

స్క్రీను మీద మొదట ఏమీ లేదు, పొగలాంటిది. తర్వాత నడుముకి రెండు పక్కలా రెండు మచ్చలు నల్లబడుతూ వచ్చాయి. జీడిపప్పు బద్దలు రెండు, వంపు లోపలికి పెట్టి ఎదురెదురుగా పేర్చినట్టు. నేను పదహారేళ్ళుగా రోజూ చూస్తున్న ఆకారం. రెండు గీతలు లేచాయి, నాలుగు నిమిషాల దగ్గర కొనకి వెళ్ళి నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాయి. మధ్యలో లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఇంజెక్షన్ ఇచ్చారు, గీతలు ఇంకాస్త బేగి దిగాయి. దారిలో అడ్డేమీ లేదని దానికర్థం.

మొత్తం జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 54. ఎడమ 28, కుడి 26.

54 అంటే పూర్తిగా బాగుపడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 90, అంతకు పైన ఉంటుంది, వయసుతో కొంత తగ్గుతుంది. అయితే ఏడుపుల మధ్య తోట కౌలు గురించి మాట్లాడిన రాత్రితో పోలిస్తే ఇది మా ఇంటికి పండగే. ఒకదానికొకటి ఎక్కువ తేడా లేదు కాబట్టి దెబ్బ రెంటికీ సమానంగా తగిలింది, సమానంగా తేరుకున్నాయి. నొప్పి ఇంజెక్షన్లు జన్మలో వద్దన్నారు. వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో ఫోన్ చేసి అడగమన్నారు. ఒకసారి దెబ్బ తిన్న కిడ్నీ తర్వాత నెమ్మదిగా క్షీణించే అవకాశం ఎక్కువ, అందుకని ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం, ఏడాదికోసారి మామూలు అల్ట్రాసౌండు.

5,500 తీసుకున్నారు. పరీక్షకి ఐదు, మిగతా అన్నిటికీ సున్నా. సగటు రెండున్నర వేసుకోండి. వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే బరువు తూయించుకుని కాగితం మీద రాసుకుని వెళ్ళండి, బాత్రూం తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో ముందే కనుక్కోండి.

ఉద్దానంలో ఉండేవాళ్ళకి, మా మండలాల వాళ్ళకి ఒక్క మాట. ఏ కారణానికైనా సరే, కడుపు స్కానింగు తీయించుకున్నప్పుడు రెండు కిడ్నీల పొడుగూ రిపోర్టులో రాయమని అడగండి. రాయకపోతే కౌంటర్ దగ్గరే నిలబడండి, డబ్బు కట్టింది మీరే. ఫిల్మ్ పారేయకండి.

మొన్న తోటకెళ్తే నాన్న కొబ్బరి మట్టలు లాగుతున్నాడు. ఎండ ఎక్కువగా ఉంది, నీడకి రమ్మన్నాను. నడుముకి నీళ్ళ సీసా కట్టుకుని ఉన్నాడు, అక్క కూతురు బడికి తీసుకెళ్ళే గులాబీ రంగు సీసా. "సగం తాగినాను" అని ఎత్తి చూపించాడు. నేను చూస్తే పావు కూడా తగ్గలేదు.